రాతి వంతెన కింద పెళ్ళి పడవ

ఉత్తర జర్మనీలోని ఫ్రీడ్రిష్‌స్టాట్ అనే ఊరి కాలువల్లో టెల్సే పాల్సెన్ ఇరవై మూడేళ్ళుగా పడవ నడుపుతోంది. ఒక్కసారి కూడా ఆమె పడవ వంతెనకు తగల్లేదు. ఈ సంగతి ఆమె తనంతట తాను ఎవరికీ చెప్పుకోదు. చెప్పుకోనక్కర్లేదు, ఊళ్ళో అందరికీ తెలుసు. అంతకుముందు ఇదే పని చేసిన వాళ్ళ నాన్న మాత్రం రెండుసార్లు తగిలించాడు. అది కూడా అందరికీ తెలుసు.

ఊరు చిన్నది, కాలువలు సన్నవి, వంతెనలు మరీ కురచవి. వాటిలో సంత వీధి పక్కనున్న రాతి వంతెనంటే పడవవాళ్ళందరికీ భయం. దాని కిందికి వచ్చేసరికి టెల్సే పడవ 'గ్రీట్యే' అద్దాల పైకప్పుకీ రాళ్ళకీ నడుమ నాలుగైదు వేళ్ళ ఎడం ఉంటే గొప్ప. అద్దాల కింద భద్రంగా కూర్చున్న ప్రయాణికులు కూడా అక్కడ తమకు తెలియకుండానే తలలు వంచేస్తారు.

ఆ జూన్ నెలలో టెల్సే అక్క కూతురు ఇమ్కే పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకు కోర్బినియన్ దక్షిణాన కొండల్లో పుట్టినవాడు. గాలిమరలు బాగుచేసే ఉద్యోగానికి ఆ దగ్గర్లోని హుసుమ్ పట్నానికి వచ్చి, మూడేళ్ళుగా అక్కడే ఉంటున్నాడు. అబ్బాయి నెమ్మదస్తుడు. తక్కువ మాట్లాడతాడు, పెట్టింది తింటాడు. టెల్సేకి మొదటిరోజే నచ్చాడు. వాళ్ళమ్మ వాల్‌బుర్గాతోనే వచ్చింది చిక్కు.

వాల్‌బుర్గా భర్త పోయిన మనిషి. బవేరియా కొండల్లో, చర్చి పక్కన, ముప్ఫై గదుల హోటలు ఒంటి చేత్తో నడుపుతోంది. పెళ్ళికి నాలుగు రోజుల ముందే దిగింది. దిగిన పూట నుంచీ ఒకటే ఆశ్చర్యం: ఈ నేల ఇంత చదునుగా ఎలా ఉంది, ఇక్కడి జనం ఇంత తక్కువగా ఎలా మాట్లాడతారు. పొద్దున రొట్టెల కొట్టుకు వెళ్ళి, వరసలో నిలబడ్డ వాళ్ళందరినీ నోరారా పలకరిస్తే, ఏడుగురు కలిసి 'మొయిన్' అని ఒక్క పలకరింపు ముక్క అన్నారట. ఆ ముక్కే రాత్రి పడుకునేటప్పుడు కూడా అంటారని తెలిసి ఆవిడ ఇంకా ఆశ్చర్యపోయింది.

కాబోయే బంధువు కదా అని టెల్సే ఆవిణ్ణి ఒక మధ్యాహ్నం పడవెక్కించి ఊరంతా చూపించింది. సంత వీధిలో మెట్లు మెట్లుగా ఆకాశంలోకి లేచే ఇళ్ళ ముఖాలు చూపించింది. తలుపుల మీద చెక్కిన గుర్తులు చూపించింది: ఒక ఇంటికి హంస, ఒక ఇంటికి తిరగలి, ఒక ఇంటికి రెండు చేపలు. ఇళ్ళకు నంబర్లు లేని రోజుల్లో జనం వాటిని బట్టే ఇల్లు పోల్చుకునేవారని చెప్పింది. నాలుగు వందల ఏళ్ళ కిందట గాటోర్ఫ్ డ్యూక్‌గారికి హాంబుర్గ్‌ను తలదన్నే రేవుపట్నం కట్టాలని ఎలా బుద్ధి పుట్టిందో, డచ్చివాళ్ళని పిలిచి, మీ దేవుణ్ణి మీకు నచ్చినట్టు కొలుచుకోండి, నాకు ఊరు కట్టి పెట్టండి చాలు అని ఎలా మాటిచ్చాడో, వాళ్ళొచ్చి కాలువలు తవ్వి, ఇళ్ళు కట్టి, తలో ప్రార్థన మందిరం లేపుకుని ఓడల కోసం ఎలా ఎదురుచూశారో వివరంగా చెప్పింది.

"మరి ఓడలు వచ్చాయా?" అని అడిగింది వాల్‌బుర్గా.

"అనుకున్నన్ని రాలేదు."

"అంటే ఆ డ్యూక్ అనుకున్నది జరగలేదన్నమాట."

"జరగలేదు."

"జరగనిదాన్ని చూపించి మీరు టిక్కెట్లు అమ్ముతున్నారు. మా ఊళ్ళో ఇంత తెలివి లేదండీ" అంది వాల్‌బుర్గా, మెచ్చుకుంటున్నట్టుగానే.

టెల్సే పడవను రేవు వైపు తిప్పింది. ఆ రాత్రి అక్క ఫ్రాకే దగ్గర ఈ మాట గురించి గంటసేపు చెప్పింది.

పెళ్ళి శనివారం. దానికి ముందు మూడు రోజులు పడమటి గాలి, వాన. పడమటి గాలి విడవకుండా వీస్తే సముద్రం పోటు మీద ఉండి ఐడర్ నది నిండిపోతుంది. అప్పుడు ఐడర్‌లోకి తెరుచుకునే లాకు తలుపులు మూసేస్తారు. ఊరి పక్కన పారే ట్రేనే నది నీళ్ళు బయటికి పోయే దారి లేక ఊరి కాలువల్లోనే ఉబ్బుతాయి. శనివారం పొద్దున వాన వెలిసి ఎండ కాసింది గానీ, నీళ్ళు మాత్రం దిగలేదు. టెల్సే రాతి వంతెన దగ్గరికి వెళ్ళి, నీటి మట్టం తెలియడానికి వాళ్ళ నాన్న గోడ మీద గీసిన తెల్లగీతను చూసింది. నీళ్ళు గీతకు మూడు వేళ్ళు పైన ఉన్నాయి.

ఆమె లెక్క వేసుకుంది. పడవలో ముప్ఫై మంది ఎక్కితే గ్రీట్యే నాలుగు వేళ్ళు కిందికి దిగుతుంది. పెళ్ళివారు సరిగ్గా ముప్ఫై. పర్వాలేదు, పోతుంది. పోయింది కూడా. పదకొండింటికి పెళ్ళివారినందరినీ ఎక్కించుకుని, గులాబీ మాలలు కట్టిన గ్రీట్యే రాతి వంతెన కిందనుంచి రెండు వేళ్ళ ఎడంతో మెత్తగా జారిపోయింది. ఇప్పుడు రిజిస్టరు పెళ్ళిళ్ళు చేసే పాత టంకశాలలో పెళ్ళి జరిగింది. రిజిస్ట్రారమ్మ కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయి వచ్చింది. పెళ్ళికూతురి పేరు సరిగ్గానే చదివింది, కోర్బినియన్ పేరు దగ్గర మాత్రం మూడుసార్లు ఆగింది. అది తప్ప అంతా సవ్యంగానే అయింది. ఫ్రాకే ఏడ్చింది. వాల్‌బుర్గా ఇంకా గట్టిగా ఏడ్చింది.

తర్వాత కాఫీ, కేకులు, సాయంత్రం భోజనాలు అన్నీ ట్రేనే ఒడ్డున తోటలో. చుట్టాలు నడిచి వెళతామన్నారు, ఎండ బాగుందని. ఫ్రాకే కేకుల సంగతి చూడాలని వాళ్ళతో పాటే వెళ్ళిపోయింది. పెళ్ళిజంటకు మాత్రం పడవలో ఫోటోలు తీయాలని ముందే అనుకున్నారు. అలా పడవలో మిగిలింది ఐదుగురు: చుక్కాని దగ్గర టెల్సే, ముందు ఇమ్కే, కోర్బినియన్, వాళ్ళ ఎదురుగా ఫోటోలు తీసే అమ్మాయి, టెల్సే పక్కన వాల్‌బుర్గా. కొత్త బూట్లు కరుస్తున్నాయి కాబట్టి నడవనని ఆవిడ పడవలోనే ఉండిపోయింది.

మామూలుగా అయితే టెల్సే తాడు విప్పకముందే ఆలోచించి ఉండేది. పడవ ఖాళీ అయింది, నాలుగు వేళ్ళు పైకి లేచింది, రాతి వంతెన వైపు వెళ్ళకూడదు, వెనక దారిన పోవాలి. పడవ నడపడం నేర్చుకునేవాడికి మొదటిరోజు చెప్పే పాఠం అది. ఆ పాఠం ఆమె ఆ రోజు మరిచిపోవడానికి కారణం వంతెనకు ఇరవై గజాల దూరంలో వాల్‌బుర్గా అన్న ఒక మాట.

"పిల్లలిద్దరినీ ఒక రెండేళ్ళు ఇక్కడ ఉండనిద్దాం లెండి. తర్వాత ఎలాగూ మా ఊరు వచ్చేస్తారు. హోటలు చూసుకోవాలి కదా."

టెల్సే తల తిప్పి ఆవిడ వైపు చూసింది. ఇమ్కే ఆమెకు అక్క కూతురే గానీ, చిన్నప్పటి నుంచి వేసవి సెలవులన్నీ ఈ పడవలోనే గడిపింది. పదహారేళ్ళప్పుడే చుక్కాని పట్టింది. టెల్సే పెళ్ళి చేసుకోలేదు, పిల్లలు లేరు. గ్రీట్యే ఏదో ఒకరోజు ఇమ్కేదే అని ఆమె ఎన్నడూ పైకి అనలేదు. అనకపోయినా అందరికీ తెలిసే ఉంటుందనుకుంది, ఆ వంతెన సంగతి తెలిసినట్టే.

"ఎవరు చెప్పారు మీకు?" అని అడిగింది.

"చెప్పేదేముందండీ, ఒక్కగానొక్క కొడుకు."

అప్పుడే పైన కర్రుమని చప్పుడైంది. పడవ ఒక్కసారి గట్టిగా కుదిపి ఆగిపోయింది. అద్దాల మీద ఇసుక రాలింది. ఇమ్కే తలలోని పూలదండ ఒడిలో పడింది. టెల్సే పైకి చూసింది. పైకప్పు అంచున పొడుగునా ఉండే ఇత్తడి కడ్డీ వంతెన రాళ్ళ సందులో బిగుసుకుపోయి ఉంది.

ఇంజను వెనక్కి తిప్పి చూసింది. కడ్డీ మూలిగింది గానీ కదల్లేదు. ఇంకొంచెం బలం చేస్తే కడ్డీతో పాటు అద్దాల కప్పంతా ఊడి వస్తుంది. ముందుకూ అంతే. టెల్సే ఇంజను ఆపేసింది. వంతెన కింద చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. నీళ్ళ వెలుగు రాళ్ళ మీద ఆడుతోంది. ఆమె చెవులు రెండూ ఎర్రబడ్డాయి.

వంతెన మొదట్లో బెంచీ మీద ప్రతిరోజూ టేడె కూర్చుంటాడు. నలభై ఏళ్ళు లాకు తలుపులు తెరిచి మూసిన మనిషి, పనిలోంచి దిగిపోయాక ఊళ్ళో వాళ్ళ పనుల మీద కన్నేసి కాలక్షేపం చేస్తున్నాడు. ఆయన తీరిగ్గా లేచి వచ్చి, పిట్టగోడ మీంచి తొంగి చూశాడు.

"టెల్సే."

"ఏం?"

"తగిలించావు."

"కనపడుతోంది."

"మీ నాన్నయితే పెళ్ళిరోజున ఎన్నడూ తగిలించలేదు" అన్నాడు టేడె.

లాకుకు ఫోన్ చెయ్యమని టెల్సే ఆయన్ని అడిగింది. తలుపు ఒక గంట తెరిస్తే నీళ్ళు దిగి పడవ దానంతటదే కిందికి వస్తుంది. టేడె ఫోన్ చేశాడు, చాలాసేపు విన్నాడు, పెట్టేశాడు. ఐడర్ ఇంకా పోటు మీదే ఉందట, కాలువల్లో నీళ్ళు పొద్దుటికన్నా రెండు మూడు వేళ్ళు పెరిగాయట. సాయంత్రం ఎనిమిది దాకా తలుపు తెరిచే మాట లేదన్నారట. అప్పటికి టైము మధ్యాహ్నం రెండున్నర.

ఈలోపు ఒడ్డున జనం చేరారు. ఎక్కువమంది కాదు, ఇరవై మందో ఎంతో. ఈ ఊరి తీరుగా ఎవరూ ఏమీ అనలేదు. చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడి చూస్తున్నారు.

పడవను కిందికి దించాలంటే బరువు వెయ్యాలి, బరువంటే మనుషులు. అది టెల్సేకి మొదటి నిమిషంలోనే తెలుసు. కానీ ఇరవై మూడేళ్ళుగా తనను చూస్తున్న మనుషులను ఇప్పుడు పేరు పెట్టి పిలిచి, నేను పొరపాటు చేశాను, వచ్చి నా పడవలో కూర్చోండి అని అడగాలి. అంతకన్నా ఎనిమిది దాకా ఈ వంతెన కిందే కూర్చోవడం నయమనిపించింది.

వాల్‌బుర్గాకు అలాంటి మొహమాటం లేదు. విషయం ఏమిటో కొడుకును అడిగి తెలుసుకుంది. కరిచే బూట్లు విప్పి పక్కన పెట్టింది. వంతెన బయటికి పొడుచుకుని ఉన్న పడవ వెనక భాగానికి వెళ్ళి నిలబడి, పెద్ద గొంతుతో ఒడ్డు మీది వాళ్ళందరినీ పిలిచింది. మనుషులు కావాలి, బరువైనవాళ్ళయితే మరీ మంచిది, ఎక్కండి, సిగ్గుపడకండి అంది. వాళ్ళ ఊళ్ళో అయితే ఈపాటికి పడవ నిండిపోయేది. ఇక్కడ ఒక్కరూ కదల్లేదు. ఒకాయన అరడుగు వెనక్కి కూడా వేశాడు.

వాల్‌బుర్గా తిరిగి వచ్చి టెల్సే పక్కన కూలబడింది. "మీ వాళ్ళకి చెవులు వినపడవా?"

"వినపడతాయి. కేక వేస్తే రారు."

"మరెలా వస్తారు?"

"పేరు పెట్టి అడగాలి" అంది టెల్సే.

"అయితే అడగండి. నాకు పేర్లు తెలియవు."

టెల్సే ఊపిరి పీల్చుకుంది. ఇమ్కే వైపు చూసింది. ఇమ్కే పూలదండ మళ్ళీ తలలో పెట్టుకుంటూ, "అడుగు పిన్నీ, కేకులు ఎండిపోతాయి" అంది.

టెల్సే వెనక్కి వెళ్ళి నిలబడింది. కాలువ మెట్లకూ పడవకూ మధ్య చెక్క పలక వేసింది. అందరికన్నా దగ్గరగా నిలబడ్డ మనిషి చేపల కొట్టు గేశే. తెల్ల ఏప్రాన్‌తోనే వచ్చేసింది.

"గేశే, వచ్చి కాసేపు కూర్చుంటావా?"

గేశే అటూ ఇటూ చూసింది. "ఇంతమంది ఉండగా నన్నే ఎందుకు ముందు పిలిచావు?"

"దగ్గరగా ఉన్నావని."

"దగ్గరగా ఉన్నాననా, బరువుగా ఉన్నాననా?"

"రెండూ" అంది టెల్సే. అబద్ధం ఆడే ఓపిక ఆ పూట ఆమెకు లేదు.

ఒడ్డు మీద ఎవరో నవ్వారు. గేశే కూడా నవ్వింది. ఏప్రాన్ విప్పి పిట్టగోడ మీద ఆరేసి, పలక దిగింది. ఆవిడ వెనకే ఆవిడ మొగుడు. ఇక ఒక్కొక్కరినే టెల్సే పేరుతో అడగడం మొదలుపెట్టింది. సారాయి దుకాణంలో పేకాడుకుంటున్న నలుగురిని ఆట మధ్యలో లేపుకొచ్చారు. వాళ్ళు ముక్కలు చేతుల్లోనే పట్టుకుని, ఒకరివి ఒకరు చూడకుండా జాగ్రత్తగా దిగారు. లూథరన్ చర్చి పాస్టరమ్మ సైకిలు గోడకు ఆనించి వచ్చింది. ఆవిడ వచ్చిందని కేథలిక్ గుడి గంటలు కొట్టే పెద్దాయన వచ్చాడు. ఆయన వచ్చాడని డచ్చివాళ్ళు కట్టుకున్న రెమాన్‌స్ట్రాంట్ మందిరంలో ఆర్గన్ వాయించే మాస్టారు వచ్చాడు. మెన్నొనైట్ శాఖకు చెందిన ఎనభై రెండేళ్ళ ముసలావిడ ఒకావిడ, పిట్టంత మనిషి, తననెవరూ పిలవకపోయినా కర్ర పొడుచుకుంటూ పలక మీదికి వచ్చింది. మీరు కూర్చున్నా పడవకు తెలియదండీ అని టెల్సే నచ్చజెప్పబోయింది. ఇంతమంది చర్చిల వాళ్ళూ ఎక్కిన పడవలో మా వాళ్ళెవరూ లేరన్న మాట నేను పడను అంది ముసలావిడ.

వచ్చినవాళ్ళను కూర్చోబెట్టే పని వాల్‌బుర్గా పుచ్చుకుంది. ముప్ఫై ఏళ్ళు హోటల్లో జనాన్ని బల్లల దగ్గర సర్దిన చెయ్యి అది. బరువైనవాళ్ళను కడ్డీ ఇరుక్కున్న వైపు, తేలికైనవాళ్ళను ఇవతల వైపు, ముసలావిడను మెత్తటి దిండు మీద. ఎవరినీ నీ బరువెంత అని అడగలేదు. ఒక్కసారి పైనుంచి కిందికి చూసి చోటు చూపించేది. ఎవరూ కాదనలేదు. గంటల పెద్దాయన కేథలిక్ అని తెలిసి ఆవిడ అంత పనిలోనూ ఒక్క క్షణం ఆగి ఆయన చెయ్యి పట్టుకుని ఊపింది.

పైన టేడె వంతెన మీద బోర్లా పడుకుని, తల కిందికి వేలాడేసి, రాళ్ళకూ కడ్డీకీ మధ్య చూస్తున్నాడు. మనిషి ఎక్కినప్పుడల్లా ఎంత దిగిందో చెబుతున్నాడు. ఆయన ముఖం బీట్‌రూటు రంగులోకి తిరిగింది.

"ఇంకా ఎంత?" అని అడిగింది టెల్సే.

"వేలున్నర."

అప్పటికి పడవలో ఇరవై ఆరు మంది. ఒడ్డున తెలిసినవాళ్ళెవరూ మిగల్లేదు. పడవకు నలభై ఐదు మంది దాకా అనుమతి ఉంది గానీ, ఎక్కేవాళ్ళేరీ? సరిగ్గా అప్పుడు సంత వీధిలోంచి సైకిళ్ళ మీద పదకొండు మంది వచ్చి వంతెన దగ్గర ఆగారు. అందరివీ నారింజ రంగు చొక్కాలు. పొడుగాటి మనుషులు, గట్టిగా మాట్లాడుతున్నారు. డచ్చివాళ్ళు. ఎంతో దూరం నుంచి సైకిళ్ళు తొక్కుకుంటూ, తమ పూర్వీకులు కట్టిన ఊరు చూడ్డానికి వచ్చారట. విషయం వినగానే, ఎవరూ బతిమాలకుండానే, సైకిళ్ళు ఒకదాని మీద ఒకటి పడేసి దిగిపోయారు.

టెల్సే వాల్‌బుర్గాతో నెమ్మదిగా అంది: "చూశారా. మా డ్యూక్ కూడా పని సాగనప్పుడు వీళ్ళనే పిలిచాడు."

వాల్‌బుర్గా పకపకా నవ్వింది. అంత నవ్వు ఆ కురచ వంతెన కింద రెండింతలై తిరిగొచ్చింది.

ఎనిమిదో డచ్చి మనిషి కూర్చోగానే పైన సన్నగా చప్పుడైంది. తొమ్మిదో మనిషికి పడవ ఉలిక్కిపడినట్టు కదిలి, నిట్టూర్చినట్టు కిందికి దిగింది. కడ్డీ రాళ్ళను వదిలింది.

"వచ్చేసింది. ఇక ఎవరూ తుమ్మకండి" అన్నాడు పైనుంచి టేడె.

మిగిలిన ఇద్దరూ కూడా ఎక్కేశాక టెల్సే ఇంజను తిప్పింది. పేకాటవాళ్ళు కూడా ముక్కలు గుండెకు ఆనించుకుని, తలలు వంచేశారు. గ్రీట్యే అడుగడుగునా ఆచితూచి వంతెన కిందనుంచి ఎండలోకి వచ్చింది. ఒడ్డున ఎవరో చప్పట్లు కొట్టబోయి, ఈ ఊళ్ళో అలవాటు లేదు కనుక మధ్యలో ఆపేశారు. పదకొండు మంది డచ్చివాళ్ళు మాత్రం ఆపలేదు.

ఎక్కినవాళ్ళను అక్కడే దింపేద్దామని టెల్సే పడవను ఒడ్డుకు తిప్పబోయింది. అంతలో చుక్కాని మీద ఇమ్కే చెయ్యి పడింది.

"పిన్నీ, తోట దాకా ఇంకా రెండు వంతెనలున్నాయి. వీళ్ళని దింపితే అక్కడ మళ్ళీ ఎవరిని పిలుస్తాం?"

టెల్సే ఒక క్షణం ఆలోచించి, వెనక్కి తిరిగి అందరికీ సంగతి చెప్పింది. తోట దాకా ఎవరూ దిగడానికి వీల్లేదు. దిగాక కాఫీ ఇస్తాం. గేశే కొట్టు తెరిచి పెట్టి వచ్చానంది. తెరిచి ఉంటే ఏం, చేపలు లేచి పోవు అన్నాడు ఆవిడ మొగుడు. అంతకుమించి ఎవరూ అడ్డు చెప్పలేదు.

అలా ఊరు ఊరంతా తమ కాలువలోనే, తమ ఇళ్ళ ముందునుంచే పడవలో వెళ్ళింది. గేశే అరవై ఏళ్ళుగా ఈ ఊళ్ళోనే ఉండి ఎన్నడూ ఈ పడవ ఎక్కలేదట. తన ఇంటిని నీటి వైపు నుంచి చూసుకుని, వెనక గోడకు సున్నం వేయించాలి అంది మొగుడితో. డచ్చివాళ్ళు తలుపుల మీది గుర్తులు చూపించి ఏమిటేమిటని అడుగుతుంటే, టెల్సేకి నోరు తెరిచే అవసరమే రాలేదు. పడవలో ఉన్నవాళ్ళే తలా ఒకటి చెప్పారు. ఆ హంస ఇంటి గురించి పాస్టరమ్మ ఒక కథ చెబితే, ఆర్గన్ మాస్టారు అది తప్పని ఇంకో కథ చెప్పాడు. ఇద్దరూ తప్పే అని ముసలావిడ మూడోది మొదలుపెట్టింది.

తోటలో ఫ్రాకే కేకులు ముప్ఫై ముక్కలుగా కోసి పెట్టుకుని, ఐదుగురి కోసం ఎదురు చూస్తోంది. రేవులోకి ముప్ఫై ఏడుగురు చిక్కుడుగింజల్లా కుదురుకుని కూర్చున్న పడవ వచ్చింది. ఆవిడ చేతిలో కత్తి అలాగే ఉండిపోయింది. ఇమ్కే దూరం నుంచే, అమ్మా, వీళ్ళందరూ మన చుట్టాలే అని చెప్పింది. ప్లమ్ పళ్ళ మురబ్బా, మీగడ పొరలు పొరలుగా వేసిన కేకును ముప్ఫై నుంచి అరవై ముక్కలు చెయ్యడం అయ్యే పని కాదని ఫ్రాకే అనేలోగా వాల్‌బుర్గా వట్టికాళ్ళతో వంటింట్లోకి వెళ్ళిపోయింది. గేశే మొగుడు కొట్టుకు పరిగెత్తి, ఉల్లిపాయతో హెర్రింగ్ చేప పెట్టిన రొట్టెలు రెండు బుట్టలు తెచ్చాడు. డచ్చివాళ్ళు సైకిళ్ళ దగ్గరికి మనిషిని పంపి, సంచుల్లో దాచుకున్న జున్నుచక్రం తెప్పించారు. పేకాటవాళ్ళు ఒక బల్ల చూసుకుని, ఆపిన చోటి నుంచి ఆట మొదలుపెట్టారు. అసలు పెళ్ళివారు మొదట కాస్త బిగుసుకున్నారు గానీ, నాలుగున్నర అయ్యేసరికి ఎవరు పిలిచినవాళ్ళో, ఎవరు పిలవనివాళ్ళో తెలియకుండా పోయింది. టేడె నడిచి వచ్చాడు. ఆయన ముఖం అప్పటికి మామూలు రంగులోకి వచ్చింది. వచ్చి, పెళ్ళికూతురు చేతికి తాను దారిలో కోసుకొచ్చిన మూడు గులాబీలిచ్చి, ఎవరి తోటవో అడగొద్దన్నాడు.

ఐదింటికి టెల్సే కాఫీ కప్పులు ఏరుకుని వంటింట్లోకి వెళ్ళేసరికి, వాల్‌బుర్గా తొట్టి దగ్గర నిలబడి గిన్నెలు కడుగుతోంది. టెల్సే గుడ్డ తీసుకుని తుడవడం మొదలుపెట్టింది. మొదట మాట్లాడింది టెల్సేనే.

"అది వంతెన తప్పు కాదండీ. మీ మాట విని, నేను ముందుకు చూడలేదు."

"ఏ మాట?"

"హోటలు సంగతి."

వాల్‌బుర్గా చేతిలోని గిన్నె నీళ్ళలోకి వదిలేసింది. "నిజం చెప్పనా? వాళ్ళను నేను అడగనే లేదు. అడిగితే రామంటారని భయం. అందుకే వస్తారని అందరికీ చెబుతూ తిరుగుతున్నాను." ఆగి, మళ్ళీ అంది: "మోకాళ్ళు పోయాయి. మెట్లు ఎక్కలేకపోతున్నాను. ముప్ఫై గదులు. నా తర్వాత ఎవరు?"

"నేనూ అడగలేదు" అంది టెల్సే. "పడవ సంగతి."

"ఆ అమ్మాయినా?"

"ఆ అమ్మాయినే."

వాల్‌బుర్గా ఆమె ముఖంలోకి చూసింది. తడిచేతులు గౌనుకే తుడుచుకుంది. "ఇద్దరం భలే మనుషులం" అంది. తర్వాత గోడ అలమరలో వెతికి, వంటకు వాడే రమ్ము సీసా తీసి, రెండు కాఫీ కప్పుల్లో ఒక్కో గుక్క పోసింది. "నా పేరు వాల్‌బుర్గా. ఇంట్లో బుర్గి అంటారు. ఇకనుంచి నన్ను మీరు అనొద్దు."

"నా పేరు టెల్సే. ఇంట్లో కూడా టెల్సే అనే అంటారు" అంది టెల్సే. "తాగు బుర్గి."

ఆ పూటే ఇద్దరూ కలిసి వెళ్ళి ఆ జంటను అడిగారు. కోర్బినియన్ ఇమ్కే వైపు చూశాడు, ఇమ్కే అతని వైపు చూసింది. హోటలు గురించీ, పడవ గురించీ తాము చాలాసార్లు మాట్లాడుకున్నామని, ఇంకా ఏమీ తేల్చుకోలేదని, హుసుమ్‌లో ఉన్న ఇల్లూ ఉద్యోగాలూ ప్రస్తుతానికి బాగున్నాయని, ఇద్దరికీ ముప్ఫై కూడా నిండలేదని ఇమ్కే చెప్పింది. చలికాలంలో కొండ మీద జనం ఎక్కువగా ఉన్నప్పుడు నాలుగు వారాలు అటు వెళతాం, వేసవిలో నాలుగు వారాలు ఇటు వస్తాం, ఆ తర్వాత చూద్దాం అంది. పెద్దవాళ్ళిద్దరికీ అది పూర్తి జవాబుగా అనిపించలేదు. కానీ అడిగినందుకు ఎవరూ చచ్చిపోలేదు కదా అనిపించింది.

వాల్‌బుర్గా సోమవారం వెళ్ళాల్సింది, గురువారం దాకా ఉండిపోయింది. బుధవారం పొద్దున నీళ్ళు బాగా దిగి, తెల్లగీత మళ్ళీ పైకి తేలాక, టెల్సే ఆవిణ్ణి పడవలో ట్రేనే మీదికి తీసుకెళ్ళింది. అక్కడ నది వెడల్పుగా ఉంటుంది, తగలడానికి ఏమీ ఉండదు. చుక్కాని ఆవిడ చేతికిచ్చి, పక్కకు జరిగింది. వాల్‌బుర్గా మొదట రెల్లుపొదల్లోకి పోనిచ్చింది, ఒక బాతు కుటుంబాన్ని కంగారు పెట్టింది, తర్వాత కుదురుకుంది. ఎదురుగా చదునైన నేల, దాని మీద మేస్తున్న ఆవులు, వాటి మీద బోలెడంత ఆకాశం. టెల్సే ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చింది.

"ఎలా ఉంది?" అని అడిగింది.

"దూరం నుంచే అన్నీ కనపడుతున్నాయి" అంది వాల్‌బుర్గా, చుక్కాని మీంచి చూపు తిప్పకుండా. "మా దగ్గర కొండలు అడ్డం వస్తాయి."

ఆ తర్వాత ఇంకో గంట దాకా చుక్కాని ఆవిడ వదల్లేదు.